లాంచీ కింది అర

అమావాస్య రాత్రి సీను తీయడానికి భూపేష్ మిట్టమధ్యాహ్నాన్ని ఎంచుకున్నాడు. జనరేటరూ పెద్ద లైట్లూ తెచ్చే తాహతు లేదు. ఎండలోనే తీసేసి, కడపకు పోయినాక కంప్యూటర్లో నీలం పులిమితే అదే రాత్రవుతుందని అతని ధీమా. కథ కూడా అలాంటిదే. నూరేళ్ల కింద నడిసముద్రంలో మాయమైన ఓడ ఒకటి ఒకనాడు మళ్లీ తేలి ఒడ్డుకొస్తుంది. అందులో ఒక ఆడదయ్యం.

ఓడ లేదు. సముద్రం అంతకన్నా లేదు. ఉన్నదల్లా కృష్ణ వెనకనీళ్లు, ఆ నీళ్లు తీసినప్పుడు బయటపడే ఒక పాత లాంచీ.

నందికొట్కూరు నుంచి ఆటోలో గంటసేపు పోతే గొందిపల్లె. డ్యాము కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోతే, జనం గట్టు మీదికి వచ్చి కట్టుకున్న ఊరు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయేకొద్దీ పాత ఊరి పునాదులు, రోళ్లు, పశువులకు మేతవేసే గాడిపాడుల రాళ్లు ఒక్కొక్కటే తేలుతాయి. అన్నిటికన్నా చివర, వాగు గుంతలో, లాంచీ తేలుతుంది. చుట్టూ తుప్పు పట్టిన ఇనుపరేకు, లోపల చెక్క. ముక్కు మీద ‘గౌసియా’ అని పచ్చరంగుతో రాసిన పేరు ఏటికేడాది చెరిగిపోతూ, ఇప్పుడు తెలిసినవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది.

దాన్ని నడిపిన సరంగు లాల్ అహమ్మద్. పద్నాలుగేళ్ల కిందటి మాట అది. ఒక సాయంత్రం మిరపకాయల బస్తాలతో, ఇరవైమంది మనుషులతో అవతలి గట్టు నుంచి వస్తుంటే గాలివాన కొట్టింది. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. “దూకండప్పా, దూకండి” అని అరిచి అందరినీ నీళ్లలోకి దూకించాడు. గట్టుకు ఈదుకొచ్చి చూసుకుంటే అందరూ ఉన్నారు, తిమ్మయ్య భార్య మద్దమ్మ తప్ప. వానకు తడవకుండా ఆమె కింది అరలో బస్తాల పక్కన కూర్చుంది. దూకే ముందు లాల్ అహమ్మద్ కింది అరలోకి తొంగి చూడలేదు. చూసి ఉంటే ఆమె ఉండేది. అధికారులు వచ్చి గాలివాన అని రాసుకొని పోయారు. తిమ్మయ్య ఏమీ రాసుకోలేదు. ఆ రోజు నుంచి లాల్ అహమ్మద్‌తో మాట్లాడటం మానేశాడు, అంతే.

అప్పటి నుంచి లాంచీ తేలిన రోజు మొదలు మళ్లీ మునిగే రోజు దాకా లాల్ అహమ్మద్ పొద్దున్నే వచ్చి దాని నీడలో కూర్చుంటాడు. ఇనుము కోసుకుపోయే వాళ్లను తరుముతాడు. ఫోటోలు దిగేవాళ్లను కేకలేస్తాడు. అతనికి కావలసింది ఒక్కటే. ఈ లాంచీలో ఇంకొక ప్రాణం పోకూడదు.

అందుకే భూపేష్ వచ్చి అడిగినప్పుడు కుదరదన్నాడు. మూడు రోజులు తిరిగినాక ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు.

“పైన మీ ఇష్టం, ఏమన్నా చేసుకోండి. కింది అరలోకి మాత్రం ఒక్క మనిసి దిగకూడదు. అడుగు చెక్కలు పుచ్చిపోయినాయి. వాటి కింద ఒండ్రు ఎంత లోతుందో నాకే తెలీదు.”

“దిగం తాతా. మా అమ్మ మీద ఒట్టు.”

“మీ యమ్మ యాడుంటాది?”

“కడపలో.”

“అంత దూరం ఉండే మనిసి మీద ఒట్టు పెట్టుకుంటే మాకేం తెలుస్తాదప్పా,” అన్నాడు లాల్ అహమ్మద్. కానీ ఒప్పుకున్నాడు.

ఎనిమిది రోజుల షూటింగు. పదకొండు మంది. ఇది ఎనిమిదో రోజు, బుధవారం. పైన వానలు పడి నీళ్లు వదిలారని సోమవారమే ఊళ్లో తెలిసింది. ఇక్కడికి చేరేసరికి శుక్రవారమవుతుందని అందరి లెక్క. అయినా లాల్ అహమ్మద్ తెల్లారక ముందే వచ్చి పుల్లలు పాతాడు.

ఆ నేల అరచెయ్యి మాదిరి చదును. నీళ్లు జానెడు పెరిగితే చాలు, అంచు నూరడుగులు ముందుకొస్తుంది. మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది గనక కళ్లప్పగించి చూస్తున్నా తెలియదు. అందుకని గొందిపల్లె వాళ్లు నీటి అంచున ఒక కంపపుల్ల, అక్కడి నుంచి పదేసి అడుగులకు ఒకటి పాతుకుంటూ వస్తారు. నీళ్లు ఎన్నో పుల్లను తాకాయో చూస్తే ఎంత జోరుగా వస్తున్నాయో తెలుస్తుంది. లాల్ అహమ్మద్ ఏడు పుల్లలు పాతాడు. మొదటిది నీటి అంచున, ఏడోది లాంచీ ముక్కు దగ్గర. ప్రతి పుల్లా జానెడు లోతు దిగేట్టు రాయితో కొట్టాడు.

“మూడో పుల్ల తడిసిందంటే సామాన్లు సర్దాల,” అని అందరికీ చెప్పాడు. “సినిమా సగంలో ఉన్నా సరే.”

ఉగ్గాని తింటున్న శిల్ప పెద్దగా నవ్వింది. కడపలో బ్యూటీపార్లరు నడుపుతుంది, ఈ సినిమాలో దయ్యం ఆమే. మోకాళ్ల దాకా వచ్చే సవరం అప్పటికే తలకు కట్టుకుని ఉంది. “దయ్యాన్నే భయపెడతాండావే తాతా!”

“నువ్వు దయ్యమని నీళ్లకు తెలీదు గదా పాపా.”

అప్పుడే తిమ్మయ్య రెండు గుండ్రటి పుట్టీలను ఒకదాని వెనక ఒకటి కట్టి లాక్కొచ్చాడు. సామాను మోయడానికి, నీళ్ల మీద నుంచి లాంచీని కెమెరాలో తీయడానికి భూపేష్ మాట్లాడుకున్న పుట్టీలవి. తిమ్మయ్య నీళ్ల వైపు చూసి, పుల్లల వైపు చూసి, ఆర్టు పని చూసే నిస్సార్‌ను పిలిచాడు.

“నిస్సారూ, ఆ మనిసికి చెప్పు. వాగు పక్కనుంచి గూడా నీళ్లెక్కుతాయి. ఇటు పక్కే పాతితే యట్ల?”

లాల్ అహమ్మద్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. “నిస్సారూ, ఆయప్పకు చెప్పు. వాగు కన్నా ఇటుపక్కే పల్లం. ముందు ఈడికే వస్తాయి.”

నిస్సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “నేనేమన్నా సెల్లు టవరునా ఏంది, మీ ఇద్దరి నడుమ?”

తిమ్మయ్య నవ్వలేదు. పుట్టీలు గట్టున కట్టేసి తుమ్మచెట్టు నీడకు పోయాడు.

*

పన్నెండున్నరకు లాల్ అహమ్మద్ మొదటి పుల్ల దాకా నడిచాడు. నీళ్లు దాన్ని దాటి బారెడు వచ్చాయి. పొద్దుటి నుంచి అంతే. పర్వాలేదనుకుని, గట్టు మీద బోరింగు దగ్గర కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని నమాజుకు పోయాడు.

అతను పోయిన పావుగంటకు భూపేష్ కెమెరాలో చూసి తల పట్టుకున్నాడు. “సముద్రంలో కంపపుల్లలేంది నిస్సారన్నా? ఓడ తేలే షాటులో వరసగా పుల్లలు నిలబడి ఉంటే జనాలు మిరపతోట అనుకుంటారు. పీకెయ్యి.”

“తాత తంతాడు.”

“షాటు అయిపోతానే మళ్లీ పాతు. ఆయనొచ్చే లోపల.”

నిస్సార్ ఏడు పుల్లలూ పీకాడు. షాటు మూడుసార్లు తీశారు. తీసినంతసేపూ నీటి అంచు మెల్లగా, చప్పుడు లేకుండా ముందుకొస్తూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు, అందరూ కెమెరాలోకి చూస్తున్నారు. షాటు అయినాక నిస్సార్ నిజాయితీగానే పుల్లలు మళ్లీ పాతాడు. మొదటిది నీటి అంచున ఉండాలని గుర్తు. నీటి అంచున పాతాడు. ఏడోది లాంచీ ముక్కు దగ్గర ఉండాలని గుర్తు. అక్కడ పాతాడు. నడుమ జాగా ఎందుకో తక్కువైనట్టు అనిపించి, పుల్లలు కాస్త దగ్గర దగ్గరగా గుచ్చాడు. చూడటానికి అచ్చం పొద్దున ఉన్నట్టే ఉంది. తాను చేసిన పని తనకే నచ్చింది.

ఇక మిగిలింది చివరి సీను. దయ్యం కింది అరలో నుంచి పొగలో పైకి లేవాలి.

“కింది అర వద్దన్నాడు గదా తాత,” అంది శిల్ప.

“పది నిమిషాల పని. ఆయన వచ్చేలోగా ఎక్కేస్తావు. అంచు చెక్క మీదనే నిలబడు, నడుమకు పోవద్దు.” భూపేష్ గొంతులో బతిమాలుకోవడమే ఎక్కువ ఉంది. “ఈ ఒక్క షాటు లేకపోతే ఇది సినిమానే కాదు శిల్పా.”

వేపాకు, తడిగడ్డి వేసిన బొచ్చెలో నిప్పు రాజేశారు. పొగ గుప్పున లేచింది. బొచ్చెను పైచెక్కల నడుమనున్న తలుపుగంతలో నుంచి కింది అరలోకి దించారు. శిల్ప తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిచ్చెన దిగింది. లోపల చల్లగా ఉంది. తుప్పు వాసన, చేపల వాసన, వాటి కింద ఎక్కడో పాత మిరపకాయల ఘాటు ఉన్నట్టు అనిపించింది. పద్నాలుగేళ్లుగా నీళ్లలో నానిన చెక్కలో ఆ ఘాటు మిగలదని ఆమెకు తెలుసు. అయినా అనిపించింది.

“రెడీనా?” పైనుంచి భూపేష్.

“పొగలో నాకేం కనపడటం లేదప్పా!”

“అదే కావాల. రెండడుగులు ముందుకు రా.”

ఆమె ఒక్క అడుగే వేసింది. చెక్క విరిగిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నానిన రొట్టెలోకి వేలు దిగినట్టు ఆమె కుడికాలు తొడ దాకా దిగిపోయింది. ఆమె కేకకు భూపేష్, నిస్సార్ కిందికి దిగారు; మిగతా అందరూ ఎనిమిది రోజులుగా వింటున్న దయ్యం కేకే అనుకున్నారు.

*

లాల్ అహమ్మద్ తిరిగొచ్చి పుల్లలను చూశాడు. మొదటి పుల్ల నీటి అంచున ఉంది. అల్లాకు మనసులో సలాం చెప్పుకుని, తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

కూర్చున్నాక ఏదో తేడా కొట్టింది. నీళ్లు మొదటి పుల్ల దాటి బారెడు వచ్చాయి గదా ఇందాక? వచ్చిన నీళ్లు వెనక్కి పోయాయా?

లేచి దగ్గరికి పోయాడు. పుల్ల మీద నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఆరిన బురద పట్టు ఉంది. జానెడు లోతు దిగ్గొట్టిన పుల్లకు బురద నేల లోపలే ఉండాలి. పైకెందుకు వచ్చింది? పుల్లను పట్టుకున్నాడు. రెండు వేళ్లతో లాగితే ఊడి వచ్చింది. రెండో పుల్ల కూడా అంతే. అడుగులు వేసి చూశాడు. పది ఉండాల్సిన చోట అయిదే ఉన్నాయి.

నీళ్లు నాలుగో పుల్ల దగ్గర ఉన్నాయన్నమాట. శుక్రవారం రావలసిన నీళ్లు.

“లెయ్యండప్పా! దిగండి! నీళ్లొచ్చినాయి!”

పద్నాలుగేళ్ల కింద అరిచిన గొంతే. తుమ్మచెట్టు కింద తిమ్మయ్య దిగ్గున లేచాడు. లాంచీ పైనున్న వాళ్లు ముందు నవ్వారు. తర్వాత వెనక పక్కకు తిరిగి చూశారు. వాగు గుంతలో నీళ్లు నిండి లాంచీ చుక్కాని దాకా వచ్చి ఉన్నాయి. ఒక్కొక్కరే ట్రైపాడు, గొడుగులు, బ్యాగులు పట్టుకుని దూకి గట్టుకు పరిగెత్తారు. మోకాళ్ల దాకా బురద. ఒకరి చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

లాల్ అహమ్మద్ గట్టున నిలబడి రొప్పుతున్నాడు. “అందరూ వచ్చినారా?”

“వచ్చినాం తాతా.”

“లోపల ఎవరన్నా ఉండారా?”

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లాంచీ తలుపుగంతలో నుంచి సన్నగా పొగ లేస్తోంది.

“పొగ పైనుంచి గదా రావల్ల,” అన్నాడు లాల్ అహమ్మద్ మెల్లగా. “కింది నుంచి యాల వస్తాంది?”

భూపేష్ గుంపులో లేడు. నిస్సార్ లేడు. శిల్ప లేదు.

అరవైరెండేళ్ల మనిషి ఆ బురదలో అంత వేగంగా పోతాడని ఎవరూ అనుకోలేదు. నిచ్చెన దిగేసరికి కింద నీళ్లు మోకాటి దాకా ఉన్నాయి. తుప్పు తిన్న రేకు కంతల్లో నుంచి సన్నటి ధారలు చొరబడుతున్నాయి. పొగలో శిల్ప నడుము లోతు నీళ్లలో కూర్చున్నట్టుగా ఉంది. సవరం నీళ్ల మీద నల్లగా పరుచుకుని తేలుతోంది. భూపేష్ ఒక రెక్క, నిస్సార్ ఒక రెక్క పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగుతున్నారు. లాగినప్పుడల్లా ఆమె కేక పెడుతోంది.

“వదలండ్రా! లాగొద్దండి!” అని అరిచాడు లాల్ అహమ్మద్.

“తాతా,” శిల్ప పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. “నా కాలును కిందనుంచి ఎవరో పట్టుకున్నారు.”

“ఎవురూ లేరు పాపా. ఒండ్రు అది. దానికి చేతులు లేవు. మనం లాగితేనే పట్టుకుంటాది.” బొచ్చెలోని నిప్పును నీళ్లలోకి గుమ్మరించాడు. బుస్సుమని ఆరిపోయింది. “బర్రె దిగబడితే యట్ల తీస్తారో ఎరుకనా? లాగరు. కాలి పక్కన దోవ చేసి నీళ్లు పోస్తారు. నీళ్లు తగిలితే ఒండ్రే వదిలేస్తాది.”

“ఇన్ని నీళ్లున్నాయి గదా తాతా, ఇంకా నీళ్లా?” భూపేష్ ఏడుస్తున్నాడు.

“పైన ఉండాయి. కాలి కింద లేవు. గడ కావాల. వెదురు గడ, పుట్టీది. నిస్సారూ, పో!”

నిస్సార్ నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టాడు. తిమ్మయ్య అప్పటికే పుట్టీని లాంచీ పక్కకు తెచ్చి, తాడును లాంచీ మేకుకు చుట్టి పట్టుకుని పుట్టీలోనే నిలబడ్డాడు. లోపలి మాటలన్నీ విన్నాడు. గడ అందించాడు.

“ఆ మనిసికి చెప్పు. నిట్టనిలువుగా గుచ్చితే మడమకు తగులుతాది. పక్కకు వాల్చమను.”

నిస్సార్ చెప్పలేదు. చెప్పే పనిలేకుండా లాల్ అహమ్మద్‌కు వినపడింది. గడను పక్కకు వాల్చాడు.

విరిగిన చెక్క అంచులు పళ్ల మాదిరి శిల్ప తొడకు గుచ్చుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే విరిచాడు. గడను కాలి వెంబడి దింపి, తిప్పి, పైకి తీశాడు. తీసిన బెజ్జంలోకి నీళ్లు గుడగుడమని దిగాయి. మళ్లీ దింపాడు. మళ్లీ తీశాడు. నీళ్లు శిల్ప రొమ్ముల దాకా వచ్చాయి. పై నుంచి తిమ్మయ్య గొంతు వినిపించింది, “చుక్కాని మునిగింది నిస్సారూ.”

“వేళ్లు ఆడించు పాపా. కాలు గాదు, వేళ్లు.”

“ఆడటం లేదు.”

“ఆడతాయి. మీ పార్లరులో నెయిల్ పాలిష్ వేసేటప్పుడు ఆడిస్తారు గదా, అట్ల.”

ఆ స్థితిలో కూడా ఆమె మూతి వంకర పోయింది. “నెయిల్ పాలిష్ వేసేటప్పుడు ఆడించరు తాతా.”

“అయితే తప్పు చేసినట్టే ఆడించు.”

నీళ్లు ఆమె భుజాలు దాటాయి. భూపేష్ ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తి పట్టుకున్నాడు. లాల్ అహమ్మద్ ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగాడు. చెయ్యి ఆమె మోకాలి పక్కన దిగింది, పిక్క పక్కన దిగింది, అక్కడ ఒండ్రు గంజిలాగా పలచబడి ఉంది. మడమ కింద వేళ్లు పెట్టాడు. ఆమె బొటనవేలు అతని అరచేతిలో కదిలింది.

పైకి లేచి ఉమ్మేశాడు. “ఇప్పుడు. లాగొద్దు. తేలు. వెల్లకిలా పండుకో, నీళ్లే తీస్తాయి.”

ఆమె తల వెనక్కి వాల్చింది. ఎక్కడో కింద ముద్ద ఊడినట్టు ఒక చప్పుడు. కాలు వచ్చేసింది. నెత్తురు, బురద, ఒక కాలిపట్టీ లేదు. అంతే.

*

భూపేష్‌నూ శిల్పనూ పుట్టీలోకి తోశారు. నిస్సార్ ఎగిరి దూకితే పుట్టీ గిర్రున తిరిగింది. తలుపుగంతకు రెండు జానల కింద నీళ్లు. గౌసియా పక్కకు ఒరగడం మొదలుపెట్టింది, ఆనాడు ఒరిగిన పక్కకే.

“రా తాతా!” భూపేష్ చెయ్యి చాపాడు. “ఇంకేముందిప్పుడు, రా!”

లాల్ అహమ్మద్ అతని చెయ్యి పట్టుకోలేదు. వెనక్కి తిరిగి, తలుపుగంతలో నడుము దాకా వంగి, వెదురు గడ లోపలికి పెట్టాడు. ముందర మూల తడిమాడు. ఇంజను పక్కన తడిమాడు. బస్తాలు పెట్టే చోట చాలాసేపు తడిమాడు. లోపల ఎవరూ లేరని అక్కడున్న అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

తిమ్మయ్య మేకుకు చుట్టిన తాడును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. అతను తాడు వదిలేస్తే పుట్టీ పోతుంది, లాంచీ మీద మనిషి ఉండిపోతాడు. నీటి లాగుడుకు అతని చేతుల నరాలు తేలాయి. నిస్సార్ వైపు చూడలేదు. ఎవరికీ చెప్పమనలేదు.

“లోపల ఎవురన్నా ఉండారా?” అని అడిగాడు.

గడ ఆగింది. లాల్ అహమ్మద్ తల ఎత్తాడు. గడ్డం నుంచి బురద నీళ్లు కారుతున్నాయి.

“ఎవరూ లేరు,” అన్నాడు. “అన్ని మూలలూ సూసినా.”

తిమ్మయ్య తాడును ఇంకో చుట్టు బిగించాడు.

“ఇంకోసారి సూడు,” అన్నాడు.

లాల్ అహమ్మద్ మళ్లీ వంగాడు.